వెనిస్ ఫిడేలు మాస్టారు వివాల్డి

ఏడాదికోసారి కమిటీ కూర్చుని, ఫలానా మాస్టారిని ఉంచాలా పంపాలా అని ఓట్లు వేస్తేనే నిలిచే ఉద్యోగం ఎలా ఉంటుందో ఊహించండి. పర్మనెంటు అన్న మాట లేదు, పెన్షను అసలే లేదు. ఇటలీలోని వెనిస్ నగరంలో మూడు వందల ఏళ్ళ క్రితం ఆంటోనియో వివాల్డి చేసిన కొలువు అటువంటిది. మన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో పెద్దలు విన్న ఫిడేలుకు యూరప్ కచేరీల్లో పెద్దపీట వేయించిన వారిలో ఈయన ముఖ్యులు.

వివాల్డి 1678 మార్చి 4న వెనిస్‌లో జన్మించారు. బిడ్డ దక్కుతాడో లేదోనన్న భయంతో మంత్రసానే అప్పటికప్పుడు ఇంట్లో జ్ఞానస్నానం చేయించింది. చర్చిలో జరగవలసిన తంతు రెండు నెలల తర్వాత గాని జరగలేదు. తండ్రి క్షురక వృత్తిలో ఉండి ఫిడేలు నేర్చి, 1685లో సెయింట్ మార్క్ చర్చి వాద్యబృందంలో కుదురుకున్నారు. కొడుకు పదిహేనో ఏట మతగురువు శిక్షణలో చేరి, 1703లో ఫాదర్ అయ్యారు. జుట్టు ఎర్రగా ఉండడంతో ఊరంతా ఎర్ర ఫాదర్ అని పిలిచేవారు. అయితే పుట్టుకతో వచ్చిన ఆయాసం ఆయనను వదలలేదు. కొద్దికాలానికే పూజలు చేయించడం మానుకున్నారు. ఈ సంగతి చాలా ఏళ్ళ తర్వాత ఆయన మెడకే చుట్టుకుంది.

అదే 1703లో ఆయన పియెటా అనే అనాథ శరణాలయంలో ఫిడేలు మాస్టారుగా చేరారు. జీతం సంవత్సరానికి 60 డ్యూకట్లు. మరుసటి ఏడు ఇంకో వాయిద్యం కూడా నేర్పినందుకు 40 కలిపారు. కన్నవారు వదిలేసిన పసికందులను పెంచే సంస్థ అది. ఆడపిల్లల్లో నేర్పున్నవారికి సంగీతం చెప్పించి, చర్చిలో జాలీ కటకటాల వెనుక నుంచి పాడించేవారు, వాయింపించేవారు. దూరదేశాల నుంచి వచ్చినవారు కూడా ఆ కచేరీలకు వెళ్ళేవారు. ఇంటిపేరు లేని ఆ పిల్లలకు వాయిద్యమే ఇంటిపేరు. ఫిడేలు అన్నామరియా అనే శిష్యురాలి కోసం వివాల్డి ఎన్నో కాన్‌చెర్తోలు రాశారు. కాన్‌చెర్తో అంటే ఒక వాయిద్యం ముందుండి నడుస్తుంటే మిగతా బృందం దానితో కలుస్తూ, విడిపోతూ సాగే రచన.

1709 ఫిబ్రవరిలో కమిటీ ఓటింగు జరిగింది. అనుకూలం 6, వ్యతిరేకం 7. ఒక్క ఓటు తేడాతో మాస్టారి ఉద్యోగం పోయింది! ఖర్చు తగ్గించుకోవడానికే కావచ్చునని చరిత్రకారుల ఊహ. 1711లో అందరూ ఒక్కమాటగా మళ్ళీ పిలిచారు. ఆ ఏడాదే ఆయన పన్నెండు కాన్‌చెర్తోల సంపుటం ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయి యూరప్ అంతా పాకింది. జర్మనీలో బాఖ్ అంతటివాడు వాటిలో కొన్నింటిని కీబోర్డు వాయిద్యాలకు అనువుగా మార్చి రాసుకున్నాడు.

1718 ప్రాంతంలో వివాల్డి మాంటువా ప్రభువు కొలువుకు వెళ్ళి వచ్చారు. 1723లో పియెటాతో ఒక తమాషా ఒప్పందం కుదిరింది. నెలకు రెండు కాన్‌చెర్తోలు ఇవ్వాలి, ఒక్కోదానికి ఒక సెక్విన్ నాణెం. ఊళ్ళో లేకపోతే టపాలో పంపాలి, టపా ఖర్చు మాత్రం అడగకూడదు. ఆఫీసు లెక్కలు ఏ దేశంలోనైనా ఆఫీసు లెక్కలే కదా! 1725లో అచ్చయిన మరో సంపుటంలో మొదటి నాలుగూ ఋతువుల మీద రాసినవి. వసంతంలో పక్షుల కూతలు, నిద్రపోతున్న కాపరి పక్కన కుక్క మొరుగు, వేసవిలో ఉరుముల గాలివాన, చలికాలంలో పళ్ళు టకటకలాడడం, అన్నీ తీగల మీదే వినిపిస్తారు. ఈనాడు ప్రపంచమంతా ఆయనను ముఖ్యంగా గుర్తుపట్టేది వాటితోనే.

నాటకరంగం కోసం ఒపేరాలూ విరివిగా రాసి, తానే డబ్బు పెట్టి ఆడించారు. 1737లో ఫెర్రారా పట్టణంలో ఒపేరాలకు ఒప్పందాలు చేసుకున్నాక, అక్కడి కార్డినల్ ఆయనను ఊళ్ళోకి రావద్దన్నారు. పూజ చేయని ఫాదర్ అన్నది ఒక అభ్యంతరం, అన్నా జిరో అనే గాయనితో స్నేహం రెండోది. డబ్బూ పోయింది, మర్యాదా పోయింది. మరుసటి ఏడు పియెటా ఓటింగులోనూ నెగ్గలేదు. వెనిస్ వారి మోజు అప్పటికే కొత్త బాణీల మీదికి మళ్ళింది. 1740లో ఇరవై కాన్‌చెర్తోలను ఆ పియెటాకే 70 డ్యూకట్ల చిల్లరకు అమ్మి వియన్నాకు ప్రయాణమయ్యారు.

తనను లోగడ మెచ్చుకున్న చక్రవర్తి ఆరవ చార్లెస్ ఆదుకుంటాడన్న ఆశ ఉండి ఉంటుంది. చక్రవర్తి 1740 అక్టోబరు 20న మరణించాడు. సంతాపంగా నాటకశాలలు మూసేశారు. మర్నాటి వేసవిలో, 1741 జూలై 28న, గుర్రపు జీనులు కుట్టేవాని భార్య, విధవరాలు, ఆమె ఇంట్లో అద్దెకుంటున్న వివాల్డికి సాదాసీదాగా అంత్యక్రియలు జరిగాయి. వయసు 63. సమాధి ఇప్పుడు లేదు. ఆ స్థలంలో సాంకేతిక విశ్వవిద్యాలయం భవనం ఉంది.

తర్వాత రెండు శతాబ్దాలు దాదాపు మరుపే. ఆయన సొంత రాతప్రతులు చేతులు మారి దురాజ్జో అనే ప్రభువంశానికి చేరి, వారసుల పంపకాల్లో రెండు ముక్కలయ్యాయి. 1926లో ఒక మఠం పాఠశాలవారు తమ దగ్గరున్న పాత పుస్తకాలు అమ్ముదామని, వెల కట్టమంటూ ట్యూరిన్ జాతీయ గ్రంథాలయాన్ని అడిగారు. ఆచార్య అల్బెర్తో జెంటీలి తెరిచి చూస్తే పద్నాలుగు సంపుటాలు వివాల్డివి! గ్రంథాలయానికి కొనే స్తోమత లేదు. షేర్ల వ్యాపారి రొబెర్తో ఫొఆ తన చనిపోయిన పసివాడి జ్ఞాపకార్థం కొని ఇచ్చారు. మిగతా సగం జెనోవాలో దొరికింది. 1930లో బట్టల మిల్లు యజమాని ఫిలిప్పో జొర్దానో దానినీ కొని గ్రంథాలయానికి ఇచ్చారు. ఆయనకూ చిన్న కొడుకు పోయిన దుఃఖమే. 1938లో ఇటలీ యూదులకు వ్యతిరేకంగా చట్టాలు తెచ్చినప్పుడు జెంటీలి ఉద్యోగం పోయింది. మరుసటి ఏడు సియెనా నగరంలో వివాల్డి వారోత్సవం వైభవంగా జరిగింది గాని, నడిపినవారు వేరు.

ఆ 27 సంపుటాలు ట్యూరిన్ గ్రంథాలయంలోనే ఉన్నాయి. వాటిని ఈనాటికీ ఆ పసివాళ్ళ పేర్లతోనే, మావురో ఫొఆ సేకరణ, రెంజో జొర్దానో సేకరణ అని పిలుస్తారు.