వెనుదిరగాల్సిన వేళ
ఇంగ్లండ్‌లోని హల్‌లో 1903లో చేపల వ్యాపారి ఇంట పుట్టిన ఏమీ జాన్సన్, 1930లో చిన్న జిప్సీ మాత్ విమానంలో ఒంటరిగా ఆస్ట్రేలియా చేరారు. దారిలో అలహాబాద్ రాకముందే పెట్రోలు తగ్గిపోయి ఝాన్సీ పరేడ్ మైదానంలో దిగాల్సివచ్చింది. ఆ రోజు కింద నేల ఉంది.

1941 జనవరి 5న బ్లాక్‌పూల్ నుంచి కిడ్లింగ్టన్‌కు బయల్దేరారు. దాదాపు గంట ప్రయాణం. మబ్బుల్లో దారితప్పి మూడు గంటలకుపైగా తిరిగారు. ఇంధనం అయిపోయి ఉంటుందని అంచనా. థేమ్స్ ముఖద్వారంలో పారాచూట్‌తో దూకి మరణించారు. కాపాడబోయిన నౌకాధికారి వాల్టర్ ఫ్లెచర్ కూడా ప్రాణాలు కోల్పోయారు.

ట్యాంకు నింపుకుంటే చాలదు. ఎంత మిగిలి ఉండగా వెనుదిరగాలో పైలట్ ముందే తేల్చుకోవాలి. పరీక్షలో రాని లెక్కను ఎన్ని నిమిషాలకు వదిలేయాలో మీ పిల్లలతో ఈ వారమే మాట్లాడండి.