జనరల్ గారి చిన్నకూతురు

ఫ్రాన్సు దేశపు జనరల్ డిగాల్ పేరు మన చదువరులలో చాలామంది వినే ఉంటారు. 1940 జూన్‌లో ఆ దేశం జర్మన్ సైన్యాల ముందు తలవంచినప్పుడు, లండన్ రేడియో నుండి ఒంటరిగా గొంతెత్తి పోరాటం ముగియలేదని చాటిన సైనికుడాయన. 1959 నుండి 1969 వరకు ఆ దేశాధ్యక్షుడు. ఆరడుగుల అయిదంగుళాల ఎత్తు మనిషి. ఎవరితోనూ చనువుగా మసలనివాడు. బ్రిటన్, అమెరికా అధినేతలకు సైతం కొరకరాని కొయ్య. చరిత్ర పుస్తకాలు మనకు చూపేది ఈ డిగాల్‌నే. ఆయన ఇంట్లో ఇంకొక డిగాల్ ఉండేవాడు. ఆ మనిషిని తెలుసుకోవాలంటే ఆయన చిన్నకూతురు ఆన్ గురించి తెలుసుకోవాలి. ఆ బిడ్డ తన జీవితమంతటిలో స్పష్టంగా పలకగలిగిన మాట నాన్న అన్నదొక్కటేనని చెబుతారు.

చార్లెస్ డిగాల్ 1890 నవంబరు 22న లీల్ నగరంలో భక్తిగల కతోలిక కుటుంబంలో పుట్టాడు. తండ్రి ఉపాధ్యాయుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి, 1916లో వెర్డూన్ వద్ద శత్రువులకు చిక్కి, బందీగా ఉండి అయిదుసార్లు తప్పించుకోబోయి విఫలుడయ్యాడు. 1921 ఏప్రిల్‌లో ఇవాన్ వాంద్రూ అనే యువతిని పెండ్లాడాడు. ఫిలిప్, ఎలిజబెత్ అని ఇద్దరు బిడ్డలు కలిగారు. 1928 జనవరి 1న, ఆయన జర్మనీలోని ట్రియర్ పట్టణంలో ఒక సైనిక దళానికి అధిపతిగా ఉన్నప్పుడు, మూడవ బిడ్డ ఆన్ పుట్టింది. ఆమెకు డౌన్ సిండ్రోమ్ ఉన్నదని తల్లిదండ్రులకు తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. నడక, చూపు, మాట అన్నీ లోపమే. తనంతట తాను అన్నం తినలేదు.

ఆ రోజుల్లో ఐరోపాలో అటువంటి బిడ్డ పుట్టిన ఇంటిని లోకం ఎలా చూసేదో గుర్తు చేసుకోవాలి. కారణమేమిటో వైద్యులకే తెలియదు. తెలియనిచోట నింద పుడుతుంది. తండ్రి త్రాగుబోతు అయివుంటాడనీ, వంశంలో సుఖరోగం ఉండి ఉంటుందనీ గుసగుసలాడేవారు. పుట్టుగ్రుడ్డివాణ్ణి చూచి, పాపం చేసినది వీడా, వీడిని కన్నవారా అని శిష్యులు ప్రభువును అడిగిన ప్రశ్న పంతొమ్మిది వందల ఏండ్ల తరువాత కూడా మారలేదన్నమాట. ప్రభువు ఆ రెండింటినీ కాదన్న సంగతి మాత్రం క్రైస్తవులే మరచిపోయారు. ఉన్నత కుటుంబాలవారు ఇటువంటి పిల్లలను దూరాన ఏదో ఒక ఆశ్రమంలో చేర్పించి, ఆ తరువాత వారి పేరే ఎత్తేవారు కాదు. పైకి రావలసిన సైనికాధికారికి అదే సుళువైన మార్గమని సలహా ఇచ్చేవారికి కొదవ లేదు.

ఆ దంపతులు ఆ మార్గం తొక్కలేదు. బిడ్డ మామూలు పిల్లయితే చాలు, హోదా, ఆస్తి, ఆరోగ్యం అన్నీ వదులుకుంటామని ఇవాన్ గారు ఒక స్నేహితురాలికి జాబు వ్రాసుకున్నారట. కన్నతల్లి బాధ అది, దాచవలసిన పని లేదు. అయితే ఆ బాధను బిడ్డమీద చూపించలేదు. 1929లో ఉద్యోగరీత్యా బీరూట్ వెళ్ళవలసివస్తే ఆన్‌ను వెంట తీసుకువెళ్ళారు. తిరిగి పారిస్ వచ్చినప్పుడూ, తరువాత మెట్స్ నగరానికి మారినప్పుడూ అంతే. 1934లో కొలొంబే అనే చిన్న పల్లెలో ఒక పాత ఇల్లు కొన్నారు. ఆన్‌కు గాలి, నెమ్మది, తోట ఉండాలన్నది ఆ కొనుగోలుకు ఒక ముఖ్య కారణం. అన్నకూ అక్కకూ ఆమె తమ చెల్లెలు, అంతే. ఇంట్లో ఎవరూ ఆమెను వేరుగా చూడరాదన్నది ఆ ఇంటి నియమం.

సైనికులు గడగడలాడే ఆ అధికారి ఇంటికి రాగానే టోపీ తీసి కూతురి చేతికి ఆటవస్తువుగా ఇచ్చేవాడట. ఆమె చేయి పట్టుకుని తోటలో నడిపించేవాడు. పాటలు పాడేవాడు, గంతులు వేసేవాడు, కథలు చెప్పేవాడు. 1933లో సముద్రపు ఒడ్డున తీసిన ఒక ఫోటో ఉంది. సూటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, కుర్చీలో కూర్చున్న ఆ పొడవాటి మనిషి తన ఒడిలోని బిడ్డ ముఖంలోకే చూస్తున్నాడు. కెమెరా సంగతి ఇద్దరికీ పట్టలేదు. ఆ బిడ్డ తనకు పరీక్షే అయినా దేవుడిచ్చిన వరం కూడా అనీ, మనిషి హద్దులను తనకు గుర్తుచేసేది ఆమేననీ ఆయన యుద్ధకాలంలో ఒక గురువుతో చెప్పుకున్నాడు. అహంకారి అని లోకం పిలిచిన మనిషి విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం మొదలుపెట్టిన నాడే మాకు నేర్పించే నిర్వచనం మనిషి బుద్ధిగల ప్రాణి అన్నది. అరిస్టాటిల్ నాటి నుండి వస్తున్న నిర్వచనం అది. మరి బుద్ధి ఎదగనివారి సంగతి ఏమిటని ఏ విద్యార్థి అయినా అడుగుతాడు. స్వభావం వేరు, ఆ స్వభావం పైకి కనిపించే తీరు వేరు, నిద్రపోయేవాడూ మనిషే కదా అని అధ్యాపకులు జవాబు చెబుతారు. జవాబు సరి అయినదే. కాని లెక్కలు వేయగలగడాన్ని బట్టి మనిషికి విలువ కట్టే అలవాటు ఒకసారి పట్టుకుంటే అది ఎంతదూరం పోతుందో ఆన్ బ్రతికిన కాలమే చూపించింది.

ఆమె పుట్టిన జర్మనీలోనే 1933లో హిట్లర్ ప్రభుత్వం బుద్ధిమాంద్యం ఉన్నవారికి బలవంతంగా సంతానం కలగకుండా చేసే చట్టం తెచ్చింది. 1940 జనవరి నుండి 1941 ఆగస్టు వరకు సుమారు 70,000 మంది వికలాంగులను, మానసిక రోగులను ఆసుపత్రుల నుండి బస్సుల్లో తీసుకుపోయి విషవాయువుతో చంపింది. తిండికి దండగ అన్నదే వారి నేరం. 1941 ఆగస్టు 3న మ్యూన్‌స్టర్ మేత్రాణులు వాన్ గాలెన్ గారు పీఠం మీదనుండే దానిని హత్య అని ఖండించారు. ఆ తరువాత విషవాయువు ఆగినా, ఆకలితో, మందులతో చంపడం సాగింది. ఫ్రాన్సులో విషవాయువు వాడలేదు. అయినా ఆ యుద్ధకాలంలో అక్కడి మానసిక ఆసుపత్రుల్లో ఆకలితో, నిర్లక్ష్యంతో సుమారు 45,000 మంది చనిపోయారు. బిడ్డను ఆశ్రమంలో వదిలివేయమన్న ఆ సలహాను 1928లో తల్లిదండ్రులు విని ఉంటే ఆన్ గతి ఏమయ్యేదో చెప్పనక్కరలేదు.

1940 జూన్‌లో డిగాల్ విమానంలో లండన్ చేరాడు. భార్యాబిడ్డలు బ్రిటనీ తీరాన చిక్కుబడ్డారు. వారిని తేవడానికి పంపిన బ్రిటిష్ విమానం కూలిపోయింది. ఇవాన్ గారు ముగ్గురు బిడ్డలతో, ఆన్‌ను చూసుకునే ఆయాతో బ్రెస్ట్ రేవుకు చేరి, దొరికిన ఓడ ఎక్కి ఇంగ్లండు తీరం తాకారు. పన్నెండేళ్ళ ఆన్‌కు ఇల్లు మారినా, మనుషులు మారినా, చప్పుడైనా భయమే. బాంబులు పడే లండన్‌కు దూరంగా ఆమె కోసమే ఇండ్లు మారుతూ వచ్చారు. తండ్రికి స్వదేశంలో సైనిక న్యాయస్థానం మరణశిక్ష విధించింది. వీలు దొరికినప్పుడల్లా ఆయన రైలెక్కి కూతురి దగ్గరికి వెళ్ళేవాడు. 1943లో ఆయన అల్జీర్స్ వెళితే తల్లీ బిడ్డా అక్కడికీ వెళ్ళారు.

ఇటువంటి బిడ్డ ఉన్న ప్రతి తల్లి, ప్రతి తండ్రి మనసులో తిరిగే ప్రశ్న ఒకటుంది. మా తరువాత వీడికి ఎవరు? దేశాన్ని విడిపించిన జనరల్‌కు కూడా ఆ ప్రశ్న తప్పలేదు. తమ బిడ్డకొక్కదానికే ఏర్పాటు చేసుకుని ఊరుకోకుండా, దిక్కులేని ఇతర ఆడపిల్లల గురించి కూడా ఆ దంపతులు ఆలోచించారు. 1945లో ఆన్ పేరిట ఒక సంస్థ నెలకొల్పారు. మరుసటి ఏడు పారిస్‌కు నైరుతి దిక్కున వెర్‌కేర్ అనే పాత భవనం కొని, బుద్ధిమాంద్యం గల పేద యువతులకు ఇల్లుగా మార్చారు. 1946 జనవరిలో డిగాల్ పదవికి రాజీనామా చేశాడు. ఆ తరువాత వచ్చే ఆదాయం కొద్దిపాటిది. అయినా 1954 నుండి వెలువడిన తన యుద్ధ జ్ఞాపకాల పుస్తకాలపై వచ్చిన సొమ్ములో చాలాభాగం ఆ సంస్థకే ఇచ్చాడు. తరువాత అధ్యక్షుడైన పాంపిడూ అప్పట్లో దాని కోశాధికారి. ఆ సంస్థ ఈనాటికీ నడుస్తోంది.

మన విచారణల్లోని తల్లిదండ్రుల కోసం ఈ ప్రశ్న దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. మన దేశంలో 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం, పద్దెనిమిదేళ్ళు దాటిన ఇటువంటి బిడ్డకు చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమించమని, జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ సంగతి తెలియని కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంకొకటి కూడా ఉంది. పండుగ పూజకు ఇంటిల్లిపాదీ కొత్తబట్టలు కట్టుకుని వస్తారు. ఆ ఒక్క బిడ్డను మాత్రం అమ్మమ్మ దగ్గర ఇంట్లో ఉంచుతారు. పూజ మధ్యలో అరుస్తాడేమోనని, నలుగురూ చూస్తారేమోనని. తప్పు ఆ తల్లిదండ్రులది కాదు, తిరిగి చూచే ఆ నలుగురిది.

1948 ఫిబ్రవరి 6న ఊపిరితిత్తుల జబ్బుతో ఆన్ కొలొంబేలోని ఇంట్లో తండ్రి చేతుల్లో కన్నుమూసింది. వయసు ఇరవై సంవత్సరాలు. సమాధి దగ్గర, ఇప్పుడు ఆమె కూడా అందరిలాగే ఉన్నదని ఆయన భార్యతో అన్నాడు. ఈ మాటను కొందరు తప్పుపడతారు, బ్రతికి ఉండగా ఆమె అందరిలాంటిది కాదని ఒప్పుకున్నట్టేగా అని. నాకు అలా తోచదు. ఇరవై ఏళ్ళు లోకం చూపులకు తమ ఒళ్ళు అడ్డుపెట్టి బిడ్డను కాచిన తండ్రి, ఇక కాయవలసిన పని లేదని భార్యతో చెప్పుకున్న మాట అది.

ఆమె పోయిన పదకొండేళ్ళకు, 1959 జనవరిలో, పారిస్‌లోనే లెజెన్, గోతియే, టర్పిన్ అనే వైద్యులు డౌన్ సిండ్రోమ్‌కు కారణం ఒక అదనపు క్రోమోజోమ్ అని ప్రకటించారు. త్రాగుడూ కాదు, సుఖరోగమూ కాదు, ఎవరి పాపమూ కాదు. ఆ నెలలోనే డిగాల్ దేశాధ్యక్ష పదవి చేపట్టాడు. ఆయన పదేళ్ళ పాలనలో ఈ పిల్లల కోసం పెద్ద చట్టమేదీ రాలేదన్న విమర్శ న్యాయమైనదే. వికలాంగుల హక్కుల చట్టం ఆ దేశంలో 1975లో, ఆయన మరణానంతరం వచ్చింది. ఇంట్లో చూపినది దేశానికి చూపడంలో ఆయన ఆలస్యం చేశాడు.

1962 ఆగస్టు 22న ఆయన కారుపై హంతకులు తుపాకులతో కాల్పులు జరిపారు. ఆయన వెంట ఎప్పుడూ ఉండే ఆన్ ఫోటో చట్రమే ఒక గుండును ఆపిందని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ కథ సంగతి ఎలా ఉన్నా, ఆయన వ్రాసిపెట్టిన వీలునామా మాత్రం నిజం. 1952లోనే వ్రాశాడు: రాజలాంఛనాలు వద్దు, మంత్రులూ అధ్యక్షులూ రావద్దు, కొలొంబేలో తన కూతురు నిద్రిస్తున్న సమాధిలోనే తననూ ఉంచాలి, రాతి మీద పేరు, పుట్టిన, గిట్టిన సంవత్సరాలు తప్ప ఏమీ ఉండరాదు.

1970 నవంబరు 9న ఆయన చనిపోయాడు. 12వ తేదీన ప్రపంచ దేశాల అధినేతలు పారిస్ మహాదేవాలయంలో గుమికూడి ఉండగా, ఆ పల్లె యువకులు ఆయన శవపేటికను మోసి ఆన్ ప్రక్కన దించారు. 1979 నవంబరులో ఇవాన్ గారిని కూడా అక్కడే ఉంచారు.