చంద్రపుర నిర్మాత ఖాండక్య బల్లాల షాహ

పట్టణమును గట్టుట యొక తరములో ముగియు పని కాదు. ఒకరు తలపెట్టినదానిని మఱియొకరు సాగింపవలెను, వేఱొకరు కాపాడవలెను. మహారాష్ట్రమందలి చంద్రపురము, అనగా మనవారు చాందా యని పిలుచుచు వచ్చిన నగరము, ఇందులకు మేలైన తార్కాణము. ఆ నగరమునకు మూలపురుషుడైన గోండురాజు ఖాండక్య బల్లాల షాహ చరిత్రము తెలుగువారికి పరాయిది కాదు గావున దానిని సంగ్రహముగా దెలుప నెంచితిమి.

ఈతడు పదునైదవ శతాబ్ది చివర రాజ్యమేలెనని సంప్రదాయము. తండ్రి సూర్జా బల్లాలుడు. వారి రాజధాని సిరిపురము; అది నేడు తెలంగాణమున కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో నున్నది. రాజు దేహమంతయు వ్రణములతో నిండి యుండెననియు, ఎన్ని చికిత్సలు చేసినను మానలేదనియు జనశ్రుతి. రాణి వివేకవతి. ఆమె హితవు ననుసరించి యాతడు సిరిపురమును విడిచి, వార్ధానది కావలియొడ్డున బల్లార్పురమున కోట కట్టించుకొని యచట నివసించెను.

ఒకనాడు వేటకు బోయి దప్పిగొని, ఎండిన ఝర్పటు వాగులో నీటికై వెదకుచు, రాతిగుంటలో నూరుచున్న జలమును గాంచి త్రాగి, ముఖమును కాలుసేతులను గడుగుకొనెనట. నాటిరాత్రి సుఖనిద్ర పట్టెను. తెల్లవారునప్పటికి వ్రణములు తగ్గియుండెను. ఆ స్థలముననే అచలేశ్వరాలయము వెలసెను. పిమ్మట నొక కుందేలు రాజుగారి వేటకుక్కను దఱుముచు విశాలమైన చుట్టు తిరుగుట కనబడెను. అది శుభశకునమని తలచి, ఆ కుందేలు తిరిగిన జాడవెంట ప్రాకారము నిర్మించి నగరము గట్టుమని రాణి సలహా యిచ్చెనని చెప్పుదురు.

ఈ కథలోని యద్భుతములను నమ్ముటయు మానుటయు పాఠకుల యిష్టము. మేము గమనింపగోరునది వేఱొకటి గలదు. కథ యంతయు నీటిచుట్టు దిరుగుచున్నది. ముందు నీరు కనబడినది. తరువాతనే నగరము తలపునకు వచ్చినది. ఇరయి, ఝర్పటు నదుల నడుమ, ఒకవైపు వార్ధాలోయ సారవంతమైన పొలములు, మఱియొకవైపు దట్టమైన యడవి గల తావును ఎన్నుకొనుట కేవలము కుందేటి వలన గలిగిన బుద్ధి యనరాదు. దూరదృష్టి గలవారి నిర్ణయ మది.

ఖాండక్యుడు తలపెట్టిన ప్రాకార మాతని జీవితకాలమున ముగియలేదు. తరువాతి రాజులు పలువురు దానిని సాగించి పూర్తిచేసిరి. సుమారు 7 మైళ్ల చుట్టుకొలతగల యా రాతిగోడకు నాలుగు మహాద్వారములు, ఐదు చిన్నవాకిళ్లు ఏర్పడినవి. ఆ గోడను, గోండురాజుల సమాధులను, జునోనాలోని భవనమును గట్టినవారు తెలుగుసీమనుండి వలస వచ్చిన కాపు, మున్నూరు తెగల తాపీపనివారని యచటి ప్రతీతి. కావున నా నగరగౌరవములో మనవారి చెమటకును భాగము గలదు.

ఆ వంశమువారు నెలకొల్పిన యొక పద్ధతి ప్రాకారముకంటె ఘనమైనది. ఎవడైన చెరువు కట్టించినచో, దాని క్రింద పారు భూమిని పన్నులేక వానికి మాన్యముగా నిచ్చెడివారు. ఆ మాన్యమునకు తుకుం అని పేరు. స్వలాభమును లోకహితమును ఒకే గట్టున నిలిపిన యీ యేర్పాటువలన వైనగంగ లోయలో లెక్కకుమించిన చెరువులు వెలసినవి. నేడు చంద్రపురమున కుత్తరమున తాడోబా త్రోవలో నున్న తుకుం పేట పేరు వినినప్పుడెల్ల మాకా ధర్మమే స్ఫురించుచుండును.

1751లో నాగపురపు భోంస్లేలు గోండురాజ్యమును గ్రహించిరి. 1818లో కోట ఆంగ్లేయుల ముట్టడికి లోబడినది. తరువాత బొగ్గు బయల్పడినది, గనులు వచ్చినవి, కూలికై తెలుగువారు మరల తరలివచ్చిరి. ఇరయి నీటితో నడచు విద్యుత్కేంద్రము 2,920 మెగావాట్ల శక్తిగలదై దేశమునకు వెలుగు నిచ్చుచున్నది. కాని 2009లో కేంద్ర కాలుష్యనియంత్రణ మండలి దేశమున మిక్కిలి కలుషితములని తేల్చిన 43 పారిశ్రామిక ప్రాంతములలో చంద్రపురమును జేరినది. రామాలా చెరువు మురుగునీటితోడను గుఱ్ఱపుడెక్కతోడను పూడిపోవుచు వచ్చినది. నదులు పొంగినప్పుడు మొదట మునుగునవి పల్లపు వాడలలోని బీదల యిండ్లే.

2011లో నగరమునకు కార్పొరేషను ఏర్పడినది. 2017లో నగరయువకులు కోటగోడలపై పెరిగిన పొదలను, పేరుకొన్న చెత్తను తొలగింప బూనిరి. ఇది యభినందనీయము, కాని గోడ శుభ్రమైనంతమాత్రమున నగరము బాగుపడదు. ఏబదియేండ్ల ముందుచూపుతో ప్రణాళిక వ్రాయుట యవసరము. చెరువులకును నదీతీరములకును ఎల్లలు నిర్ణయించి, యందెవ్వరును జొరబడకుండ జూడవలెను. పల్లపువాడల పేదలను వెడలగొట్టుట పరిష్కారము గాదు. పనిచోటికి దగ్గఱగా మెఱకనేలను వారికి స్థిరమైన యిండ్లు చూపిన పిమ్మటనే తీరములను ఖాళీ చేయింపవలెను. చెట్లు నాటువారికి, చెరువులు కాపాడు వాడలవారికి పన్నులలో కొంత వదలుకొన్నను కార్పొరేషనుకు నష్టములేదు. తుకుం ధర్మము నేటి కాలమున కట్లు మార్చుకొనదగును.

ఎన్నికలు ఐదేండ్లకొకసారి వచ్చును. చెట్టు పెరుగుటకు అంతకంటె నెక్కువకాలము పట్టును. తన కన్నులు చూడని ప్రాకారమునకు ఖాండక్యుడు పునాది వేసెను. అధికారమున నున్నవారు తమకు పేరు రాని పనికి పూనుకొందురా యనునదే చంద్రపురము నేడు వారి నడుగుచున్న ప్రశ్న. ఆ ప్రశ్న మన యాంధ్ర, తెలంగాణ నగరములకును వర్తించును.