పరీక్ష తప్పిన బాలుడు

2023వ సంవత్సరము ఆగస్టు మాసమున కోకాపేటలో ఎకరము భూమి వేలములో 100 కోట్ల రూపాయలకు మించి పలికినది. గండిపేట చెరువు చెంత పొలములతో నుండిన పల్లెలో నేడు ఆకాశము నంటు సౌధములు లేచినవి. భూమి వెల యింతగా పెరిగినచోట బిడ్డల గుండెధైర్యము కూడ పెరిగినదా యని మేము సందేహించుచున్నాము. 2019లో ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన పిమ్మట తెలంగాణమున పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ దుఃఖము మరువరానిది. కావుననే నేడు టంగుటూరి ప్రకాశం పంతులుగారి చిన్ననాటిని పాఠకులకు జ్ఞప్తి చేయుచున్నాము. ఆంధ్రకేసరిని ఎరుగని తెలుగువాడు లేడు. పరీక్ష తప్పిన ప్రకాశమును తలచువారు మాత్రము అరుదు.

పంతులుగారు 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన ఒంగోలు చెంతనున్న వినోదరాయునిపాలెమున జన్మించిరి. పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలున పూటకూళ్ళ యిల్లు నడపి బిడ్డలను పోషించిరి. గౌరవముగల కుటుంబమునకు ఆ కాలమున అది చిన్నతనముగా నెంచబడెడి వృత్తి. ఆమె దానికి వెఱవలేదు. పరీక్షకు కట్టవలసిన మూడు రూపాయలు దొరకనపుడు తన పట్టుబట్టను తాకట్టు పెట్టి రుసుము చెల్లించిరి.

ఇంత కష్టపడి చదివించిన తల్లికి కుమారుడు వెంటనే సుఖము కలిగించెనా? లేదు. నాటకములలో స్త్రీవేషములు ధరించుట, అల్లరి సావాసములు, ఆటపాటలు ఆయన కాలమును హరించినవి. మెట్రిక్యులేషను పరీక్ష తప్పెను. ఈ సంగతులను పంతులుగారు తమ స్వీయచరిత్రమున దాచలేదు. పెద్దవారైన పిదప తమ చిన్ననాటి తప్పులను కప్పిపుచ్చుకొనుట లోకరీతి. ఆయన ఆ రీతి నవలంబింపలేదు.

అయినను ఆయనను విడువని వారొకరుండిరి. ఉపాధ్యాయులగు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు బాలుని దోషములను ఎరిగియు, బుద్ధిబలమును గుర్తించి, తమతోకూడ రాజమహేంద్రవరమునకు గొనిపోయి చదువు సాగించిరి. తప్పిన పరీక్ష త్రోవను మూసివేయలేదు. ప్రకాశముగారు మదరాసునకు పోయి న్యాయశాస్త్రము నభ్యసించి రెండవ తరగతి ప్లీడరై, రాజమహేంద్రవరమున పేరెన్నికగన్నారు. ఆ పట్టణ పురపాలక సంఘాధ్యక్ష పదవియు పొందిరి. రెండవ తరగతి ప్లీడరునకు హైకోర్టు ద్వారములు మూయబడి యుండుటచే, మాంసము, మద్యము, పొగాకు ముట్టనని తల్లికి మాట యిచ్చి ఇంగ్లండునకు పోయి, 1907లో బారిష్టరై మరలిరి. 1921లో ఆ సంపాదనను విడిచి స్వరాజ్యోద్యమమున ప్రవేశించిరి. 1928లో మదరాసున తుపాకుల యెదుట ఱొమ్ము చూపిరి. 1953 అక్టోబరు 1న అవతరించిన ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రియై, 1957 మే 20న హైదరాబాదున కన్నుమూసిరి.

ప్రతి బాలుడును ప్రకాశము కాగలడని మేము చెప్పము. అట్లు చెప్పుట పిల్లలను మభ్యపెట్టుటయే యగును. పరీక్ష తప్పిన నాటి రాత్రి ఆయనకును తన భవిష్యత్తు తెలియదు. తెలియకయే మరునాడు లేచి పుస్తకము పట్టవలసి వచ్చినది. మన పిల్లలు నేర్వదగిన దింతమాత్రమే. తప్పిన పరీక్షను మరల వ్రాయవచ్చును; ఇంటర్మీడియెట్ తప్పినవారికి అనుబంధ పరీక్ష కొద్ది వారములలోనే జరుగుచున్నది. చెడు సావాసము కలిగినచో విడువవచ్చును. మనస్సున భారమున్నచో ఆనాడే నమ్మదగిన పెద్దతో చెప్పుకొనవలెను. ఇంట చెప్పుకొన వీలుకానివారికి 14416 అను సంఖ్యపై టెలిమానస్ ప్రభుత్వ సహాయము కలదు.

పెద్దలకును ఒక మాట. బిడ్డకు భూమిని విడిచిపోవుట సులభము. తప్పు ఒప్పుకొనగల యిల్లును విడిచిపోవుట కష్టము. సుబ్బమ్మగారికి ఆస్తి లేదు, ఓర్పు కలదు. నాయుడుగారికి ఆ బాలునితో రక్తసంబంధము లేదు, నమ్మకము కలదు. ఆ రెండును నేడు కోకాపేట సౌధములలో కొరవడకుండ చూచుకొనుడని మా ప్రార్థన. ఫలితములు వెలువడు దినమున మార్కుల నడుగుటకు ముందు, బిడ్డ భోజనము చేసెనా యని యడుగుడు.