రామదాసుకు చెరలో ప్రార్థనే తోడు

భద్రాచలం గుడి కట్టించిన భక్త రామదాసు పన్నెండేళ్లు చెరసాలలో మగ్గారని ఊరూరా చెప్పుకుంటారు. అంత కాలం ఆయనను నిలబెట్టింది ప్రార్థనే.

ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. 17వ శతాబ్దంలో ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో లింగన్న, కామాంబ దంపతులకు జన్మించారు. గోల్కొండను తానీషా 1672 నుంచి 1687 వరకు పాలించారు. ఆయన కొలువులో ఉన్నత పదవుల్లో ఉన్న అక్కన్న, మాదన్నలు గోపన్నకు మేనమామలు. వారి అండతో ఆయనకు పాల్వంచ పరగణా తహశీల్దారు ఉద్యోగం లభించింది.

భద్రగిరిపై పోకల దమ్మక్క అనే భక్తురాలు తాటాకు పందిరి వేసి రామయ్యను పూజించేదని స్థలపురాణం. అక్కడ గోపన్న శిస్తు సొమ్ము వెచ్చించి గుడి కట్టించారు. స్వామికి, అమ్మవారికి నగలు చేయించారు. ఖర్చు ఆరు లక్షల మొహరీలని ప్రతీతి. పని పుణ్యకార్యమే అయినా ఖజానాకు చేరవలసిన సొమ్ము చేరలేదు. తానీషా ఆయనను గోల్కొండ కోటలో బంధించారు. మేనమామల పలుకుబడి కూడా ఆదుకోలేకపోయింది.

చెరలో రామదాసు చేసిన ప్రార్థన అంతా ఒక్క తీరున సాగలేదు. మొదట రాముణ్ణి వేడుకున్నారు. ఆయన పలకకపోయేసరికి, భర్తకు ఒక మాట చెప్పి చూడమని సీతమ్మను బతిమాలారు. దెబ్బలకు తాళలేక ఏ నగకు ఎంత ఖర్చయిందో లెక్క చెప్పి నిలదీశారు. కోపం పట్టలేక తిట్టారు. ఆ వెంటనే బాధకొద్దీ అన్నానని, మన్నించమని వేడుకున్నారు. కష్టం వచ్చినపుడు ఇంటి పెద్దతో ఎలా మొరపెట్టుకుంటామో, రామునితో ఆయన అలాగే మాట్లాడారు. పల్లెల్లోని భజన మందిరాల్లో ఆ కీర్తనలు నేటికీ వినిపించడానికి కారణం ఇదే.

చివరకు రామలక్ష్మణులే మారువేషాల్లో వచ్చి తానీషాకు సొమ్ము చెల్లించారని భక్తుల విశ్వాసం. విడుదలైన రామదాసు మళ్లీ భద్రాద్రి రాముని సన్నిధికి చేరారు. 1687లో ఔరంగజేబు సేనలు గోల్కొండను పట్టుకున్నాయి. ఒకనాడు రామదాసును బంధించిన తానీషా తానే బందీ అయి దౌలతాబాదు కోటలో కన్నుమూశారు.

గోల్కొండ కోటలో రామదాసు బందీఖానా నేటికీ ఉంది. అక్కడి గోడపై ఉన్న దేవతామూర్తులను ఆయనే చెక్కారని చెబుతారు. నేలకొండపల్లిలో ఆయన పేర ధ్యానమందిరం వెలసింది.