రాళ్ల వయసు లెక్కగట్టిన ఆర్థర్ హోమ్స్

భూమి వయసెంత అని మీ అమ్మాయో అబ్బాయో ఎప్పుడో ఒకసారి అడిగే ఉంటారు. మీరు ఫోన్‌లో చూసి 450 కోట్ల ఏళ్లకు పైనే అని చెప్పి ఉంటారు. ఆ అంకెకు దారి వేసినవారిలో ముందువరుసలో నిలిచేది ఆర్థర్ హోమ్స్. షెర్లాక్ కాదు, జియాలజిస్టు.

1890లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ దగ్గర ఒక సామాన్య కుటుంబంలో పుట్టారు. వాళ్లింటి బైబిల్‌లో పేజీ అంచున, సృష్టి జరిగింది క్రీస్తుపూర్వం 4004లో అని అచ్చువేసి ఉండేది. పిల్లవాడికి ఆ చివరి నాలుగు మీదే అనుమానం. సరిగ్గా 4000 ఎందుకు కాలేదు? ఇంట్లో ఎవరూ కసరలేదేమో, ఆ ప్రశ్న ఆయనతో పాటే పెరిగింది.

17వ ఏట స్కాలర్‌షిప్ తెచ్చుకుని లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఫిజిక్స్‌లో చేరారు. రెండో ఏడాది జియాలజీ పాఠాలు విన్నారు, అంతే, దారి మళ్లింది. అధ్యాపకులు వద్దన్నా వినలేదు. మీ పిల్లవాడు ఇంజినీరింగ్ సెకండియర్‌లో ఫోన్ చేసి, రాళ్లు చదువుకుంటానని చెప్పాడనుకోండి. ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ అన్నం దిగదు.

అయితే నేర్చుకున్న ఫిజిక్స్ వృథా కాలేదు. యురేనియం ఒక స్థిరమైన వేగంతో సీసంగా మారుతూ ఉంటుంది. సగం మారడానికే దాదాపు 450 కోట్ల ఏళ్లు పడుతుంది. కొవ్వొత్తి ఎంత కరిగిందో చూసి ఎప్పుడు వెలిగించారో చెప్పినట్టు, రాతిలో సీసం ఎంతుందో కొలిచి దాని వయసు చెప్పవచ్చు. విద్యార్థిగా ఉండగానే హోమ్స్ నార్వే రాతి ఒకదానికి 37 కోట్ల ఏళ్లని లెక్కగట్టారు. అప్పటికి పేరుమోసిన శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ మొత్తం భూమికే ఇచ్చిన వయసు 2 నుంచి 4 కోట్ల ఏళ్లు!

1911లో ఆ పరిశోధన లండన్ రాయల్ సొసైటీలో చదివినప్పుడు హోమ్స్ అక్కడ లేరు. స్కాలర్‌షిప్ ఏడాదికి 60 పౌండ్లు. అది చాలక, నెలకు 35 పౌండ్ల జీతానికి ఖనిజాలు వెతకడానికి మొజాంబిక్ వెళ్లారు. ఖనిజాలు దొరకలేదు గానీ మలేరియా పట్టుకుంది. చనిపోయారన్న కబురు కూడా ఇంగ్లండ్ చేరింది. తిరిగొచ్చి 1913లో భూమి వయసు మీద పుస్తకం రాశారు. అప్పటికి ఆయన వయసు 23.

ఇక్కడి నుంచి అంతా సాఫీగా సాగిందని చెప్పాలని నాకూ ఉంది. కానీ కాలేజీ జీతంతో సంసారం గడవక, 1920లో భార్యను, పసివాడైన కొడుకును తీసుకుని బర్మాలోని ఒక చమురు కంపెనీలో చేరారు. కంపెనీ దివాలా తీసింది. అక్కడే మూడేళ్ల కొడుకు జిగట విరేచనాలతో చనిపోయాడు. చేతిలో డబ్బు లేకుండా ఇద్దరే వెనక్కి వచ్చారు. ప్రపంచానికి రాళ్ల వయసు చెప్పిన మనిషికి ఉద్యోగం దొరకలేదు. న్యూకాసిల్‌లో తూర్పు దేశాల కళావస్తువులు అమ్మే దుకాణం నడిపారు. ఆ నెలల్లో ఆయన్ను చూసినవారు, పెద్ద చదువు చదివి ఏం లాభం అనే అనుకుని ఉంటారు.

1924లో డర్హమ్ విశ్వవిద్యాలయం జియాలజీ విభాగం మొదలుపెడుతూ ఆయన్ను పిలిచింది. మొదట్లో ఆ విభాగంలో ఉన్నది ఆయనొక్కరే. అక్కడే రెండో పెద్ద పని జరిగింది. ఖండాలు కదులుతున్నాయని జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ 1912లోనే చెప్పారు. అంత బరువును కదిలించే శక్తేదో చూపలేకపోవడంతో చాలామంది కొట్టిపారేశారు. ఆ శక్తి వేడిలో ఉందన్నారు హోమ్స్. పొయ్యి మీద గిన్నెలో పప్పు ఉడికేటప్పుడు చూడండి, అడుగున వేడెక్కినది పైకి లేస్తుంది, పక్కలకు జరుగుతుంది, చల్లారినది కిందికి దిగుతుంది. భూమి లోపల రేడియోధార్మికత పుట్టించే వేడికి, మాంటిల్ అనే పొర గట్టి రాయే అయినా, కోట్ల ఏళ్ల మీద ఇలాగే మెల్లగా తిరుగుతుంది. పైకి లేచేచోట ఖండం చీలి మధ్యలో సముద్రం ఏర్పడుతుంది, దిగేచోట సముద్రపు అడుగు లోపలికి లాగబడుతుంది. 1931లో అచ్చయిన ఈ వ్యాసంలో, ఇది ఇంకా ఊహేనని ఆయనే హెచ్చరించారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. హోమ్స్ వాదనకు దిగలేదు, 1944లో విద్యార్థుల కోసం రాసిన పాఠ్యపుస్తకం చివరి అధ్యాయంలో అదే విషయం మళ్లీ రాశారు. అప్పటికి ఎడిన్‌బరోలో ప్రొఫెసర్. ఆ పుస్తకం ఎన్నో దేశాల తరగతి గదులకు చేరింది.

మన రాళ్లనూ ఆయన వదల్లేదు. భారత ద్వీపకల్పంలో, శ్రీలంకలో ఉన్న అతి పాత శిలల వయసుల మీద 1955లో ఒక వ్యాసం రాశారు. తూర్పు కనుమలు కూడా అందులో ఉన్నాయి.

మరుసటి ఏడాది ఆరోగ్యం బాగాలేక పదవీవిరమణ చేశారు. 1960ల మొదట్లో సముద్రగర్భం పరిశోధనలు ఒక్కొక్కటిగా బయటికొచ్చి, సముద్రపు అడుగు నిజంగానే విస్తరిస్తోందని చూపడం మొదలుపెట్టాయి. 1964లో జియాలజీలో అత్యున్నతమైన వెట్లెసన్ బహుమతి ఆయనకు వచ్చింది. ఆ జబ్బుతోనే కూర్చుని పాత పాఠ్యపుస్తకాన్ని మొత్తం తిరగరాసి, కొత్త ఆధారాలన్నీ చేర్చి 1965లో మళ్లీ ప్రచురించారు. ఆ ఏడాది సెప్టెంబరులోనే కన్నుమూశారు.