ఋత్విక్ ఘటక్ చరిత్రము

పుట్టిన యూరు విడిచి పరస్థలమున బ్రతుకువారు లోకమున ననేకులు గలరు. వారిలో తలచినపుడు తిరిగి పోగలవారు కొందరు. పోవలెనన్నను దారి లేనివారు కొందరు. ఈ రెండవ తెగవారి దుఃఖమును చలనచిత్రములందు నిలిపి, తానును ఆ దుఃఖముతోనే జీవించిన వంగదేశీయుడు ఋత్విక్ కుమార్ ఘటక్.

ఈయన 1925వ సంవత్సరము నవంబరు 4వ తేదీన ఢాకా నగరమున జన్మించెను. తండ్రి సురేశచంద్ర ఘటక్ జిల్లా మేజిస్ట్రేటు, సాహిత్యాభిమాని. తల్లి ఇందుబాలాదేవి. వీరి సంతానములో కడపటివారు ఋత్విక్, ప్రతీతి యను కవలలు. అన్నయగు మనీశ్ ఘటక్ పేరొందిన రచయిత. ఆయన కుమార్తెయే సుప్రసిద్ధ రచయిత్రి మహాశ్వేతాదేవి. ఋత్విక్ బాల్యము తూర్పు వంగమున, పద్మానదీతీరమందలి రాజషాహి పట్టణమున గడచిన కాలము మిక్కిలి కలదు. ఆ నదియు, ఆ పడవలును, ఆ పల్లెపాటలును ఆయన మనస్సున చెరగని ముద్ర వేసెను.

1943లో వంగదేశమును ఘోరమైన కరవు పీడించెను. లక్షలకొలది జనులు అన్నము లేక మడిసిరి. నాలుగేండ్లకు, 1947లో, దేశవిభజన జరిగెను. ఢాకాయు రాజషాహియు పాకిస్థానునకు చెందెను. కలకత్తా వీధులును రైలుస్టేషనులును కాందిశీకులతో నిండిపోయెను. యౌవనమున అడుగిడుచున్న ఋత్విక్ ఈ రెండు విపత్తులను కన్నులార చూచెను.

1948లో బహరంపూరు కృష్ణనాథ కళాశాలనుండి బి. ఏ. పట్టము పొందిన పిమ్మట ఈయన భారతీయ జననాట్యసంఘమున పనిచేసెను. మన యాంధ్రదేశమున ప్రజానాట్యమండలి యను పేర వెలసినది ఈ యుద్యమశాఖయే. అచట నాటకములు వ్రాసెను, ఆడెను, ఆడించెను. అయినను నాటకము వేలమందికే చేరును, చలనచిత్రము లక్షలమందిని చేరును అను తలంపుతో ఆ కళను చేపట్టెను. 1952లో తీసిన మొదటి చిత్రము ‘నాగరిక్’ విడుదలకే నోచుకొనలేదు. 1958లో వచ్చిన ‘అజాంత్రిక్’ ఒక టాక్సీ డ్రైవరునకు తన పాతకారుపై గల మమకారమును తెలుపు కథ.

ఈయనకు శాశ్వతకీర్తి తెచ్చినవి విభజనానంతర జీవితమును చూపిన మూడు చిత్రములు. 1960 నాటి ‘మేఘే ఢాకా తారా’లో నీత యను కన్య కాందిశీకుల పేటలో నివసించుచు, తన చదువును, ప్రేమను, ఆరోగ్యమును కుటుంబమునకై ధారపోయును. ఆమె సంపాదనతో అందరును మేలు పొందుదురు. ఆమెకు క్షయరోగము మిగులును. తుదకు షిల్లాంగు కొండలనడుమ, తనకు బ్రతుకవలెననియున్నదని ఆమె అన్నయెదుట విలపింపగా, ఆ కేక కొండలన్నిట ప్రతిధ్వనించును. ఈ చిత్రమొక్కటే ప్రజాదరణ పొందెను.

1961 నాటి ‘కోమల్ గాంధార్’లో నాయికానాయకులు పద్మానదీతీరమున నిలుచుందురు. ఎదుటి యొడ్డు వారి జన్మభూమి, అదిప్పుడు పరరాజ్యము. మునుపు ప్రయాణికులను రేవునకు చేర్చిన రైలుదారి అచట అడ్డుదూలముతో ముగిసియున్నది. కెమెరా ఆ పట్టాలవెంట అతివేగముగ పరుగెత్తి దూలముకడకు చేరగానే తెర యంతయు చీకటియగును. విభజన యననేమో ఆ రెండు నిమేషములలో చూపరులకు తెలియును.

ఆ చిత్రము ధననష్టము కలిగించెను. 1962లో తీసిన ‘సువర్ణరేఖ’ 1965 వరకు వెలువడలేదు. నిరాశచే ఋత్విక్ మద్యపానమునకు లోబడెను. శరీరమును మనస్సును చెడగొట్టుకొనెను. కొంతకాలము మానసిక చికిత్సాలయమున ఉండవలసివచ్చెను. చరిత్రకారుడు ఈ దోషమును కప్పిపుచ్చరాదు. ఋత్విక్ తానే కప్పిపుచ్చలేదు. 1974 నాటి కడపటి చిత్రమున నీలకంఠుడను త్రాగుబోతు పండితుని పాత్రను స్వయముగ ధరించి, తన పతనమును లోకమునకు చూపెను.

అట్టి కష్టకాలమునందును ఈయన రెండు మహాకార్యములు చేసెను. 1960–70 దశకము నడుమ పూనా ఫిల్ము ఇన్‌స్టిట్యూటులో అధ్యాపకుడై మణి కౌల్, కుమార్ షహానీ, జాన్ అబ్రహాం వంటి శిష్యులను తీర్చిదిద్దెను. బంగ్లాదేశము స్వతంత్రమైన పిమ్మట అచటికేగి, క్షయరోగపీడితుడై యుండియు, నది యెండిపోగా చెదరిపోయిన జాలరుల కథను ‘తితాష్ ఏక్టి నదీర్ నామ్’ అను చిత్రముగ 1973లో వెలువరించెను.

1976 ఫిబ్రవరి 6వ తేదీన, ఏబదియవ యేట, ఋత్విక్ కలకత్తాలో మరణించెను. పూర్తిచేసిన కథాచిత్రములు ఎనిమిది మాత్రమే. ఇరువదియైదేండ్లు మరుగుననున్న ‘నాగరిక్’ మరుసటి సంవత్సరము వెలువడెను. ‘తితాష్’ ప్రతి 2010లో ఇటలీదేశమున పునరుద్ధరింపబడెను. సజీవుడై యున్నపుడు చూడనివారు గతించిన పిదప వెదకి చూచిరి.

2024లో రాజషాహియందలి ఆయన పూర్వుల యిల్లు కూల్చివేయబడెను. తిరిగి చేరవలెనని ఆయన జీవితమంతయు కోరిన గడప ఇప్పుడు లేదు. కాని ఆ నది, ఆ రైలుపట్టాలు, నీత వేసిన కేక చిత్రములందు చెక్కుచెదరక యున్నవి. సోదర విద్యార్థులారా! మన నడుమ పరస్థలమునుండి వచ్చి చేరిన బాలుడెవడైన నున్నచో, వాని యూరిపేరు అడిగి, వాడు చెప్పుదానిని ఓపికతో వినుడు. ఋత్విక్ తన జీవితమంతయు వెచ్చించి మనలను కోరినది ఇంతమాత్రమే.